తెలుగు ఫ్లెక్సీ ఫైల్‌ని ఒత్తులు ఊడకుండా ప్రింటుకి పంపడం ఎలా?

దసరా వచ్చిందంటే బెజవాడలో ఫ్లెక్సీ కట్టని స్తంభం ఉండదు. వాటిలో ఎక్కడో ఒకచోట ‘భక్తులకు స్‌వాగతం’ తప్పకుండా కనిపిస్తుంది. స కింద ఉండాల్సిన వ ఒత్తు మామూలు వ అయిపోయి పక్కన కూర్చుంటుంది, స నెత్తిన ఒక పొల్లు. కట్టించినాయన ప్రింటింగ్ షాపుని తిడతాడు, షాపువాళ్లు ‘మీరిచ్చిన ఫైలే కదండీ’ అంటారు. చాలాసార్లు షాపువాళ్లు చెప్పేదే నిజం. తప్పంతా ఫైల్లోనే ఉంటుంది, అదీ ఒకే ఒక్క పని దగ్గర. మిగతావి గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

కావాల్సినవి: ఓ మాదిరి కంప్యూటర్, అక్షరాలకి కోరల్‌డ్రా గానీ ఇలస్ట్రేటర్ గానీ, ఫొటోలు కత్తిరించడానికి ఫొటోషాప్. ఫొటోషాప్‌లో అక్షరాలు పెట్టకండి. పెట్టొచ్చని వాదించేవాళ్లున్నారు, వాళ్ల ఫ్లెక్సీలు దగ్గరికెళ్లి చూడండి, అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఏఐతో నేపథ్యం బొమ్మ చేయించుకుంటే నాకేం అభ్యంతరం లేదు కానీ దానిచేత తెలుగు మాత్రం రాయించొద్దు.

మేటర్ తీసుకోవడం

కస్టమర్‌ని వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనండి. వాయిస్ మెసేజ్ వద్దు, కాగితం మీద రాసి ఫొటో తీసిందీ వద్దు. ఎవరి పేరు పక్కన ‘గారు’ ఉండాలో, ఎవరి ఫొటో ముందుండాలో వాళ్లే తేల్చుకుని రాసివ్వాలి. అందులో మనం వేలు పెడితే గొడవ మన మీదికొస్తుంది. ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి, మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది. అడ్వాన్స్ పడ్డాకే పని మొదలుపెట్టాలి. మనిషిని చూడకుండా ఆన్‌లైన్లో చేసే పనికి ఇంకో పద్ధతి లేదు.

సైజు

ఫ్లెక్సీ లెక్క అడుగుల్లో ఉంటుంది. 10 బై 6 అనుకుందాం. అసలు సైజులో రిజల్యూషన్, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క, 72 చాలు, మరీ మనసొప్పకపోతే 100. 300 పెట్టాలని ఎవరో చెప్పారని కుర్రాళ్లు పెట్టేస్తుంటారు. అది చేతిలో పట్టుకుని చదివే శుభలేఖకి. పదడుగులకి 300 పెడితే వెడల్పే 36,000 పిక్సెళ్లవుతుంది, ఫొటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైల్ 30,000 దాటితే సేవ్ కూడా కాదు. కలర్ మోడ్ సీఎంవైకే, అంటే ప్రింటు సిరాల లెక్కలో రంగులు. చుట్టూ మూడంగుళాలు ఖాళీగా వదలండి, అక్కడ మడత, రింగులు వస్తాయి.

అక్షరం ఎంతుండాలంటే, బోర్డుల పనిలో ప్రతి పదడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తని పాత లెక్క ఒకటుంది. తెలుగుకి దాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి, ఎందుకంటే మన ఒత్తు అసలు అక్షరం కంటే బాగా చిన్నది. బందరు రోడ్డు మీద అరవై అడుగుల దూరం నుంచి బండి మీద పోతూ చదవాలంటే హెడ్డింగ్ తొమ్మిది అంగుళాలకి తగ్గకూడదు.

అక్షరాలు: ఇక్కడ నెమ్మదిగా

వాట్సాప్‌లో వచ్చే తెలుగు యూనికోడ్, అంటే ఏ ఫోన్లో తెరిచినా తెలుగుగానే ఉండే పద్ధతి. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ నడిచేది ఎక్కువగా అను అనే పాత రకం ఫాంట్లు. ఈ అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలుండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు: తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. అందుకే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లిషూ గుర్తులూ కనిపిస్తాయి. యూనికోడ్ మేటర్‌ని కన్వర్టర్లో వేసి అనులోకి మారిస్తే మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పేర్లు తెలుగు చెత్తగా మారతాయి, ఇన్‌వర్టెడ్ కామాలు, డాష్‌లు ఇంకేవో అయిపోతాయి. మార్చాక మళ్లీ మొదట్నుంచి దిద్దాలి. ఆ దిద్దే ఓపిక ఎవరికీ ఉండదు, తప్పులు పుట్టేది అక్కడే.

కాబట్టి యూనికోడ్ ఫాంట్లే వాడండి. హెడ్డింగుకి రామభద్ర, కింద మేటర్‌కి మండలి. హింద్ గుంటూరు అని కూడా ఒకటుంది, తమ ఊరి పేరుతో ఫాంట్ ఉందని గుంటూరు వాళ్లలోనే చాలామందికి తెలీదు. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. అనులో ఉన్నన్ని రకాలు లేవంటారు, నిజమే, కానీ ఒక ఫ్లెక్సీకి రెండు ఫాంట్లు దాటితే అది ఫ్లెక్సీ కాదు, ఫాంట్ల ఎగ్జిబిషన్.

యూనికోడ్ మేటర్‌ని ఇలస్ట్రేటర్లో పేస్ట్ చేయగానే చాలాసార్లు స్వాగతం కాస్తా స్‌వాగతం అవుతుంది. ఫాంట్ పాడైందనుకుని మార్చుకుంటూ కూర్చోకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ‘షో ఇండిక్ ఆప్షన్స్’ టిక్ పెట్టి, మేటర్ మొత్తం సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ అని ఉండే కంపోజర్‌ని (అక్షరాల్ని పేర్చే పద్ధతిని) ఎంచుకోవాలి. సెలెక్ట్ చేయకుండా మారిస్తే ముందే పెట్టిన పేరాలు పాత పద్ధతిలోనే ఉండిపోతాయి. పైన హెడ్డింగ్ బాగుండి కింద అడ్రస్‌లో ఒత్తులు ఊడటానికి కారణం ఇదే.

తర్వాత కళ్లతో చూడాలి. ‘స్త్రీ’లో త ఒత్తూ ర ఒత్తూ రెండూ ఉన్నాయా? ‘విజ్ఞప్తి’లో జ కింద ఞ ఉందా? ‘కైలాస’లో ఐత్వం కింది ముక్క పడిందా? ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. అక్షరాల మధ్య దూరం, అదే ట్రాకింగ్, సున్నా దగ్గరే ఉంచండి. పెంచితే కొన్ని ఫాంట్లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలేసి పక్కదాని కిందికి పోతుంది. లైన్ల మధ్య ఆటో గ్యాప్ ఇంగ్లిష్‌కి సరిపోతుంది, మనకి పై లైన్ ఒత్తు వచ్చి కింది లైన్ గుడికి తగులుతుంది. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఇవ్వండి.

ఇప్పుడు జేపీజీ తీసి కస్టమర్‌కి పంపండి. బొటనవేలు బొమ్మ పెడితే ఒప్పుకోకండి, ‘పేర్లు, తేదీ, ఫోన్ నంబర్ చూశాను, ఓకే’ అని రాయించుకోండి.

ఓకే వచ్చాక ఫైల్‌ని ఇంకో పేరుతో సేవ్ చేసి, ఆ కాపీలో మాత్రమే అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని బొమ్మలుగా, మార్చాలి. కోరల్లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్లో షిఫ్ట్ కంట్రోల్ ఓ. దీంతో షాపులో ఫాంట్ ఉన్నా లేకపోయినా అక్షరం మారదు. అయితే కర్వ్స్ అయ్యాక అక్షరమూ ఒత్తూ వేర్వేరు ముక్కలు, దానికి అవుట్‌లైన్ ఇస్తే రెండూ కలిసేచోట అక్షరం లోపల గీత కనిపిస్తుంది. ముందు వెల్డ్ చేసి ముక్కల్ని ఒకటిగా కలపండి, ఇలస్ట్రేటర్లో దాని పేరు యునైట్. అవుట్‌లైన్ మందం మితంగా ఉండాలి, లేదంటే ఘ, ఝ లాంటివి పూడిపోతాయి.

ఆఖర్న, ఇలస్ట్రేటర్లో అయితే, ఫైల్లో ఏ ఫాంట్లున్నాయో చూపించే ఫైండ్ ఫాంట్ తెరవండి. జాబితా ఖాళీగా ఉండాలి. ఏదైనా పేరు కనిపించిందంటే ఎక్కడో ఒక ముక్క మారకుండా మిగిలిందన్నమాట, సాధారణంగా అది లోగో పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పంపడం

పీడీఎఫ్ చేసి మెయిల్లోనో డ్రైవ్‌లోనో పంపండి. స్క్రీన్ మీద మెరిసే నీలం ప్రింటులో ఊదాకి తిరుగుతుందని కస్టమర్‌కి ముందే చెప్పేయండి, తర్వాత చెబితే సాకులా ఉంటుంది. ఫైల్ పేరులో సైజూ తేదీ ఉండాలి, ‘ఫైనల్ ఫైనల్ 2’ కాదు. కర్వ్స్ చేయని కాపీని పారేయొద్దు, వచ్చే దసరాకి ఆయనే మళ్లీ ఫోన్ చేసి ‘డిజైన్ సేమ్, డేట్ ఒక్కటే మార్చండి, దానికి కూడా డబ్బులా?’ అంటాడు. తీసుకోండి.