గోధుమ పిండికీ తోడు వేయండి

షుగరు ఉందని రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు విశాఖలో వీధికి పది ఉంటాయి. మారిన నెలకే కడుపు ఉబ్బరం, గ్యాసు అంటారు. గోధుమ పడదని తేల్చేసుకునే ముందు ఒక సంగతి చూసుకోవాలి. గోధుమతో వచ్చే ఇబ్బంది అందరికీ ఒకటి కాదు, మందూ ఒకటి కాదు.

సీలియాక్ అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీను తింటే ఒంటి రోగనిరోధక శక్తి పేగునే దెబ్బతీసే జబ్బు. అది ఉంటే ఈ వ్యాసంలోని ఏ పద్ధతీ పనికిరాదు. ఏ గోధుమైనా, ఎంత పులియబెట్టినా తినకూడదు. అనుమానముంటే గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టే రావచ్చు. గోధుమ అలర్జీ ఉన్నవాళ్లు కూడా డాక్టరు మాట ప్రకారమే నడవాలి.

మిగతా చాలామందిలో ఉబ్బరానికి కారణం గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్లు. ఇవి చిన్న చక్కెర గొలుసులు. మన పేగులో వీటిని తెంపే ఎంజైము లేదు. పెద్దపేగు దాకా అలాగే వెళ్తే అక్కడి బాక్టీరియా తిని గ్యాసు చేస్తాయి. పిండిని పొంగించే ఈస్టు అనే సూక్ష్మజీవికి మాత్రం ఆ ఎంజైము ఉంది. అంటే మన కడుపు చేయలేని పనిని పిండిలోనే చేయించుకోవచ్చు. 2016లో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని కొలిచారు. ఈస్టు వేసిన పిండిలో 1 గంటకు ఈ చక్కెరలు ఎక్కువగా ఉన్నాయి, 4 గంటలు దాటాక 90 శాతం వరకు తగ్గాయి. ఈస్టు లేకుండా అరగంట నానిన పిండి మెత్తబడుతుందే గానీ ఈ మేలు జరగదు.

ఇడ్లీ పిండి పులియబెట్టే చేతికి ఇది కొత్త విద్య కాదు. ముందు ఈ ఈస్టు పెరిగే తోడు తయారు చేసుకోవాలి. గాజు సీసాలో 50 గ్రాముల గోధుమ పిండి, 50 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి పలచటి గుడ్డ కట్టండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా రాత్రంతా మూత తీసి ఉంచినవి వాడండి. రెండో రోజు నుంచి పొద్దున, సాయంత్రం 20 గ్రాములు ఉంచి మిగతాది పారేసి, 40 గ్రాముల పిండి, 40 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. రెండు మూడు రోజులకే బుసబుస పొంగి చెడు వాసన వేస్తుంది. అది ఈస్టు పొంగు కాదు, వేరే బాక్టీరియా. నాలుగో రోజు చల్లబడి చచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడే పారేస్తారు, పారేయకండి. వారం తిరిగేసరికి పుల్లటి పెరుగు వాసనతో, పిండి పెట్టిన 4 గంటల్లో రెట్టింపు అవుతుంది. అదీ తోడు. గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తే ఆకలి మీద ఉందని అర్థం, ఇంకో పూట పిండి పెట్టండి. గులాబీ రంగు చారలో బూజో కనబడితే మొత్తం పారేసి సీసా మరిగించాలి.

చపాతీలకు 300 గ్రాముల పిండి, 60 గ్రాముల తోడు, 5 గ్రాముల ఉప్పు, సుమారు 190 మిల్లీలీటర్ల నీళ్లు. అయిదు నిమిషాలు పిసికి తడిగుడ్డ కప్పి 4 నుంచి 5 గంటలు ఉంచండి. చాకుతో కోస్తే లోపల ఆవగింజంత రంధ్రాలు కనిపించాలి. మే నెల ఉక్కలో పిండి రెండున్నర గంటలకే పొంగిపోతుంది. అప్పుడు సమయం తగ్గించకండి, తోడు 30 గ్రాములకు తగ్గించండి. డిసెంబరులో 80 గ్రాములు వేసుకోవచ్చు. రాత్రంతా బయట వదిలేస్తే మాత్రం చెడుతుంది. పులుపు ఎక్కిన కొద్దీ గ్లూటెన్ తెగి పిండి జారుతుంది, కర్రకు అంటుకుంటుంది. చక్కెరలు అయిపోవడంతో పెనం మీద ఎర్రటి మచ్చలు రాక పాలిపోతుంది. అలాంటి పిండిలో నీళ్లు, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి అట్లు పోసేయండి. ఉబ్బరం ఉన్నవాళ్లకు ఉల్లి వద్దు, అందులోనూ ఫ్రక్టాన్లే.

మొలక గోధుమ ఇంకో దారి. మొలకెత్తేటప్పుడు పొట్టులో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం తగ్గి ఇనుము, జింకు ఒంటబడతాయి. కిలో గోధుమలు 8 గంటలు నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి, గుడ్డలో కట్టండి. తెల్లటి మొన కనబడగానే ఆపాలి. పొడుగ్గా రానిస్తే పిండి బంకలా తయారై చపాతీ లోపల పచ్చిగా ఉంటుంది. అసలు కష్టం ఎండబెట్టడంలో. సముద్రపు గాలికి పైకి ఆరినట్టున్నా లోపల తేమ ఉంటుంది. రెండు రోజులు గట్టి ఎండ తగలాలి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చేయాలి. పంటి కింద టక్కుమంటేనే మరకు తీసుకెళ్లండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. ఒక వంతు మొలక పిండికి నాలుగు వంతులు మామూలు పిండి చాలు. మరలోంచి వేడిగా వచ్చిన పిండిని చల్లారకుండా డబ్బాలో మూస్తే ఆవిరి పట్టి ఉండ కడుతుంది. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే పట్టించుకోండి. పొట్టు పడనివాళ్లు ముతక తవుడు జల్లించేసుకోవచ్చు.

ఇక విత్తనం. మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకల్లో పండే ఖప్లీ గోధుమకు మామూలు గోధుమలో ఉండే ‘డి’ అనే జన్యుసముదాయం లేదు. సీలియాక్ రోగుల్లో ఎక్కువ చికాకు పెట్టే 33 ఆమైనో ఆమ్లాల గ్లయాడిన్ (గ్లూటెన్‌లో ఒక భాగం) ముక్క ఆ డి నుంచే వస్తుంది. అయినా ఖప్లీలో గ్లూటెన్ ఉంది, అందులో వేరే చికాకు ముక్కలూ ఉన్నాయి. ధార్వాడ్‌లో తయారైన డిడికె 1029 వంటి పొట్టి రకాలు పడిపోకుండా దిగుబడినిస్తాయి. ఖప్లీ పిండికి సాగుడు తక్కువ, అందుకే గోరువెచ్చని నీళ్లతో కలిపి, మొదట్లో సగం మామూలు పిండి చేర్చుకోండి. ఉప్మా రవ్వగా అయితే ఖప్లీకి సాటి లేదు. స్పెయిన్‌లో 2018లో జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో మామూలు గోధుమలోని 45 ఆల్ఫా గ్లయాడిన్ జన్యువుల్లో 35 దాకా మార్చి రోగనిరోధక చికాకును 85 శాతం తగ్గించారు. అది అంగట్లో దొరికే సరుకు కాదు. ఉబ్బరమే మీ బాధయితే ఖరీదైన పిండి కొనే ముందు పది రోజులు ఇంట్లో ఉన్న పిండికే తోడు వేసి తిని చూడండి.