సమీక్ష అధ్యాయం క్యాటలాగులా తయారైతే

నా థీసిస్‌లో పాత పరిశోధనలను సమీక్షించే చాప్టర్‌ను గైడు గారు తిప్పి పంపారు. ప్రతి పేరా "ఫలానా వారు 2011లో అధ్యయనం చేశారు" అనే మొదలైంది మరి. వాక్యాలు దిద్దితే లాభం లేదు, లోపం నోట్సులోనే ఉంది: పేపరుకో పేజీ రాసుకుంటే చాప్టరూ అలాగే వస్తుంది.

ఎక్సెల్‌లో అడ్డవరుసకో పేపరు పెట్టాను. కాలమ్‌లు ఆరు: ప్రశ్న, ప్రాంతం, శాంపిల్, పద్ధతి, తేలింది, వదిలేసింది. ఆరోది నింపకపోతే మిగతా ఐదూ దండగ. నింపాక షీటును నిలువుగా చదవాలి. బిందు సేద్యం పేపర్లలో 'శాంపిల్' కింద అందరూ సొంత భూమి రైతులే ఉండి, కౌలు రైతు ఊసే లేకపోతే, మీ పరిశోధనకు చోటు అక్కడే. పేరా "ఖర్చు విషయంలో రెండు వాదనలున్నాయి" అని విషయంతో మొదలవ్వాలి. పేర్లు, సంవత్సరాలు వాక్యం చివరికి పోవాలి.

శోధ్‌గంగలోని (భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్) పాత థీసిస్‌లు దారి చూపడానికే. వాటిలోని ఉల్లేఖన ఎత్తుకుంటే తప్పు సంవత్సరం కూడా మీ ఖాతాలో పడుతుంది; మూల పేపరు తెరవండి. పైగా యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి మళ్లీ ఇవ్వాలి.