పెద్దయ్యాక పియానో – 9వ భాగం: మాస్టర్ క్లాసుకు ముందు ఆరు వారాలు

పోయిన భాగంలో పోలండ్ స్వరకర్త షోపాన్ రాసిన ఇ మైనర్ ప్రెల్యూడ్‌ను, అంటే ఓపస్ 28లో నాలుగోదాన్ని, రెండు చేతులతో చివరిదాకా వాయించే స్థితికి తెచ్చుకున్నాం. 25 బార్లే (తాళం లెక్కలో గీతలతో విడదీసిన సమాన భాగాలు) ఉన్న చిన్న రచన. దీన్ని పట్టుకుని మాస్టర్ క్లాసుకు పోవడం ఎట్లాగో ఈ భాగంలో చూద్దాం. మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ పాఠాలు సాధన చేస్తున్నవాళ్లలో చాలామంది ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూ రాత్రి తొమ్మిది తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవాళ్లే. చెన్నైలో ఫలానా తేదీన క్లాసు ఉందని తెలియగానే పేరు ఇచ్చేసి, ఆ రాత్రి నుంచే నిద్ర పట్టనివాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఈ భాగం కొంచెం పొడవుగా రాస్తున్నాను.

అక్కడ జరిగేది ముందు తెలుసుకోండి. హాల్లో పియానో ఉంటుంది, వచ్చిన కళాకారుడు పక్కన కూర్చుంటారు, ఎదురుగా తక్కిన విద్యార్థులూ శ్రోతలూ ఉంటారు. మీరు తెచ్చిన రచన ఒకసారి వాయిస్తారు. ఆ తర్వాత మిగిలిన సమయమంతా పాఠమే, అదీ అందరి ముందు. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు పియానో విద్వాంసుడు, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్. 1869 నుంచి 1886లో చనిపోయేదాకా ఏటా జర్మనీలోని వైమార్‌కు వచ్చి, మధ్యాహ్నాలు విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. రుసుము తీసుకునేవాడు కాదు. విద్యార్థులు తమ నొటేషన్ పుస్తకాలు పియానో మీద పెడితే, వాటిలోంచి ఏది వినాలో ఆయనే ఎంచుకునేవాడు. ఒకరికి చెప్పింది గదిలో ఉన్న అందరికీ పాఠమయ్యేది. నేటికీ మాస్టర్ క్లాసు ప్రాణం అక్కడే ఉంది.

దీన్నిబట్టి మన తయారీ ఎట్లా ఉండాలో తేలిపోతుంది. మాస్టర్ క్లాసు కచేరీ కాదు, పరీక్ష అంతకన్నా కాదు. లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ల సంగీతం గ్రేడు పరీక్షకు పోయేవాళ్లు రచనను ఒకే తీరులో గట్టిపరుచుకుని పోతారు, అక్కడ అది సరైనదే. ఇక్కడ మాత్రం మీ వాయింపు మార్చడానికి వీలుగా ఉండాలి. "ఆ నాలుగు బార్లు ఇంకొంచెం వేగంగా", "ఎడమచెయ్యి ఒక్కటే వినిపించండి", "పెడల్ లేకుండా ఒకసారి" అని వాళ్లు అడుగుతారు, మీరు అక్కడికక్కడే చేసి చూపాలి. అద్దంలా మెరిసేట్టు తయారైన రచన కూడా ఒక్కోసారి ఈ చోట చేతులెత్తేస్తుంది. మన వైపు పద్యనాటకం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. జనం ఒన్స్ మోర్ అంటే నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు, కానీ ఈసారి రాగం ఇంకోచోట సాగదీస్తాడు, హార్మోనియం ఆయన వెంటే పోతుంది. పద్యం ఆయన చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమవుతుంది. ప్రెల్యూడ్ మీ చేతిలోకి అట్లా రావాలి.

మొదటి రెండు వారాలు ఒకే పని: రచనను ఎక్కడైనా తెరవగలగడం. చీమకుర్తి నుంచి వచ్చే ఒక విద్యార్థి, గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాడు, "మధ్యలో ఆపితే నా చేతులు మళ్లీ మొదటికే పోతాండాయి మేడం" అన్నాడు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మంది ఇబ్బంది ఇదే. వేళ్లకు వరస తెలుసు, మనకు చోటు తెలియదు. మందు సులభమైనదే. నొటేషన్ మీద పెన్సిల్‌తో బార్ నంబర్లు వెయ్యండి. 1, 5, 9, 13, 16, 19, 21, 24 అని ఎనిమిది చీటీలు రాసి గ్లాసులో వెయ్యండి. రోజూ ఒక చీటీ తీసి, వచ్చిన బార్ నుంచి మొదలుపెట్టండి. మొదలుపెట్టేముందు రెండు చేతులూ ఏ స్వరాల మీద ఉండాలో పైకి చెప్పండి. చెప్పలేకపోతే వాయించకండి, నొటేషన్ చూసి చెప్పి ఆ తర్వాతే వాయించండి. 13వ బార్ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అక్కడ మొదటి బార్ రాగమే తిరిగి వస్తుంది కాబట్టి, చెయ్యి తెలియకుండా మొదటి సగంలోకే మళ్లిపోతుంది. మాస్టర్ క్లాసులో ఈ ప్రెల్యూడ్ వాయించే పెద్దవాళ్లు తప్పిపోయే చోటు సాధారణంగా అదే.

ఇప్పుడు ఎడమచెయ్యి. ఈ పాఠంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మనవాళ్లలో చాలామంది హార్మోనియం నుంచో, చర్చి కీబోర్డు నుంచో పియానోకు వచ్చారు. హార్మోనియంలో ఎడమచెయ్యి గాలి కొట్టడానికే పోతుంది. చర్చి కీబోర్డులో ఎడమచెయ్యి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకుని నిలబడితే రిథమ్ బాక్స్ తక్కినదంతా చూసుకుంటుంది. ఈ ప్రెల్యూడ్‌లో అసలు కథంతా ఎడమచేతిలోనే నడుస్తుంది. కుడిచెయ్యి బి, సి, మళ్లీ బి అని రెండు స్వరాల మధ్య ఊగుతూ ఉంటే, కింద జి, బి, ఇ తో మొదలైన కార్డ్ మెల్లమెల్లగా కిందికి జారుతుంది. చాలాచోట్ల మూడు స్వరాల్లో ఒక్కటే అర స్వరం (సెమిటోన్) దిగుతుంది, మిగిలిన రెండూ కదలవు. ఏది దిగిందో మీ చెవికి తెలియాలి. దీనికి నేను చెప్పే సాధన ఒకటుంది: బార్‌కు ఎనిమిదిసార్లు వచ్చే కార్డ్‌ను ఒకేసారి నొక్కి పట్టుకోండి, మారినప్పుడు మారిన స్వరాన్ని మాత్రమే ఎత్తి కింది మెట్టు (కీ) మీద పెట్టండి, మిగిలిన వేళ్లు లేవకూడదు. ఆ మారిన స్వరాన్ని నోటితో పాడండి. 12 బార్లు ఇట్లా చేస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక్క వారం చేసి చూడండి, రచన కొత్తగా వినిపిస్తుంది.

తర్వాత ఆ ఎనిమిది కార్డ్‌ల స్పర్శ. ఇక్కడే మన ఇళ్లలోని వాద్యానికీ, హాల్లోని గ్రాండ్ పియానోకూ తేడా బయటపడుతుంది. 61 మెట్ల కీబోర్డులో మెట్టుకు బరువుండదు, స్ప్రింగు మాత్రమే ఉంటుంది. పియానో మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది, అది కదలడానికి దాదాపు 50 గ్రాముల బరువు కావాలి. మరీ మెల్లగా నొక్కితే సుత్తి తీగ దాకా పోదు, శబ్దమే రాదు. చాలామంది హాల్లో కూర్చుని, మృదువుగా వాయించాలనే తాపత్రయంలో, కార్డ్‌లో మధ్య స్వరం మింగేస్తారు. ఇంకో సంగతి: గ్రాండ్‌లో మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్లీ వాయించవచ్చు. సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టిన, 1821లో పేటెంటు అయిన యంత్రాంగం వల్ల ఇది కుదురుతుంది, సుత్తి మొత్తం వెనక్కి పోకుండానే మళ్లీ దెబ్బకు సిద్ధంగా ఉంటుంది. నిలువు పియానోలో ఈ ఏర్పాటు సాధారణంగా ఉండదు. కాబట్టి గ్రాండ్ మీద ఈ కార్డ్‌లు వాయించేటప్పుడు వేళ్లు మెట్ల మీదనుంచి లేవకూడదు. మణికట్టు వదులుగా ఉంచి, మెట్టు సగం దాకా రానిచ్చి మళ్లీ దింపండి. అప్పుడు ఎనిమిది కార్డ్‌లు టకటకమని విడివిడిగా కొట్టినట్టు కాకుండా ఒకే ఊపిరిలో సాగుతాయి.

అందుకని క్లాసుకు ముందు కనీసం ఒక్కసారైనా బరువున్న మెట్ల మీద వాయించి తీరాలి. 88 మెట్ల డిజిటల్ పియానో ఉన్న స్నేహితుల ఇల్లో, పియానో ఉన్న చర్చి హాలో, వారం పొడవునా ఖాళీగా ఉండే బడి సంగీతం గదో వెతకండి. మన జిల్లాల్లో ఇవి మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నాయి, అడిగేవాళ్లు లేక మూతలు వేసి ఉన్నాయి. సముద్రపు గాలికి శ్రుతి తప్పి ఉన్నా ఫరవాలేదు, మనకు కావలసింది బరువు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్ల దూరం. వీలైతే ముందురోజే చేరుకుని, గంట లెక్కన ప్రాక్టీసు గది అద్దెకు ఇచ్చేచోట కూర్చోండి.

వేగం సంగతి. ప్రెల్యూడ్ నెత్తిన లార్గో, అంటే బాగా నెమ్మదిగా, అని ఉంది, అది చూసి అందరూ ఈడుస్తారు. దాని పక్కనే నిలువు గీత కొట్టిన సి ఆకారం ఉంటుంది, దాన్ని చూడండి. బార్‌కు నాలుగు కాదు, రెండు దెబ్బలు లెక్కపెట్టమని అర్థం. దెబ్బకు నాలుగు కార్డ్‌లు. లార్గో అన్నది ఆ రెండు దెబ్బలకే వర్తిస్తుంది. మాస్టర్ క్లాసులో మిమ్మల్ని మొదట అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి కావచ్చు. మూడో వారం నుంచి రోజూ మూడు వేగాల్లో వాయించండి: మీకు హాయిగా ఉన్నది, దానికన్నా కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ. మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే యంత్రం) రెండు దెబ్బలకే పెట్టుకోండి. 16వ బార్ దగ్గర స్ట్రెట్టో అని ఉంది, అంటే ముందుకు తోసుకుపోవాలి, ఆ వెంటనే శబ్దం ఎగసిపడుతుంది. అంతదాకా ఒక్కో స్వరంగా జారుతూ వచ్చినదంతా అక్కడ ఒక్కసారిగా పొంగుతుంది. మీ మొదటి వేగమే మరీ నెమ్మదిదైతే ఈ తోపు అతికించినట్టు ఉంటుంది. 23వ బార్‌లో ఒక కార్డ్, దాని తర్వాత ఆగే గుర్తు వేసిన నిశ్శబ్దం వస్తాయి. ఆ నిశ్శబ్దాన్ని చేతులు మెట్ల మీదే ఉంచి వినండి, ఒళ్లోకి తెచ్చుకోకండి. చివరి మూడు కార్డ్‌లకు మనసు ఇంకా అక్కడే ఉండాలి. 1849లో షోపాన్ అంత్యక్రియల్లో ఈ ప్రెల్యూడ్‌ను ఆర్గన్ మీద వాయించారు. ఆ మూడు కార్డ్‌లు ఆర్గన్ మీద ఎట్లా మోగి ఉంటాయో ఒకసారి ఊహించుకుని వాయించండి.

నాలుగో వారం నుంచి మనుషుల ముందు వాయించాలి. ఇంట్లోవాళ్లు సరిపోరు, వాళ్లు మన తప్పులకు అలవాటు పడ్డారు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురిని ఆగమని అడగండి, ఆఫీసులో సంగీతం ఇష్టపడేవాళ్లను ఇంటికి టీకి పిలవండి. ఇందులో ఒక మెలిక పెట్టండి: మిమ్మల్ని మధ్యలో ఆపే బాధ్యత వాళ్లలో ఒకరికి ఇవ్వండి. వాళ్లకు సంగీతం రాకపోయినా ఏమీ కాదు. "ఆగండి, అక్కడిది మెల్లగా", "ఇంకోసారి" అంటే చాలు. ఆపినప్పుడు గుండె దడదడలాడుతుంది, చెవులు వేడెక్కుతాయి, ఆ స్థితిలో మళ్లీ ఎత్తుకోవడం నేర్చుకోవాలి. నా అనుభవంలో గంటసేపు ఒంటరి సాధన కన్నా ఇటువంటి పది నిమిషాలు ఎక్కువ మేలు చేస్తాయి. ఫోనులో రికార్డు చేసుకోండి, అదే రోజు వినకండి, మర్నాడు వినండి.

కంఠస్థం చెయ్యాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. నొటేషన్ ముందు పెట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు. పాఠం చెప్పేవారు "18వ బార్" అనగానే మీ కన్ను అక్కడికి పోగలగాలి, దానికి కాగితమే మేలు. రెండు ప్రతులు తీసుకుపోండి, ఒకటి వాళ్లకు. రెండూ ఒకే ముద్రణవి కావాలి, రెండిటి మీదా బార్ నంబర్లు ఉండాలి. షోపాన్ రచనలకు కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి నొటేషన్ల వెబ్‌సైటు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీలో పాత ముద్రణలు ఉచితంగా దొరుకుతాయి. మెత్తని పెన్సిల్ జేబులో ఉంచుకోండి.

ఎండ నుంచి వచ్చి ఏసీ హాల్లో రెండు గంటలు కూర్చుంటే వేళ్లు కొయ్యబారతాయి. మీ వంతుకు పది నిమిషాల ముందు బయటికి పోయి చేతులు రుద్దుకుని రండి.

ఈ వయసులో ఇదంతా ఎందుకని ఇంట్లోనో బయటో ఎవరో అంటూనే ఉంటారు. ప్రపంచంలో పెద్దవయసు ఔత్సాహికుల పియానో పెద్ద సంగతే. అమెరికాలో పియానో కళాకారుడు వాన్ క్లైబర్న్ పేరు మీద 35 ఏళ్లు దాటిన ఔత్సాహికులకు 1999 నుంచి అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు రాత్రిళ్లు సాధన చేసి అక్కడికి పోతారు. మీరు రాత్రి తొమ్మిదికి చేసే పనే వాళ్లదీ.

ఆరో వారంలో కొత్త సాధన ఏదీ పెట్టుకోవద్దు. అప్పుడు రాయవలసింది ఒక కాగితం. రచనలో మీకు నిజంగా అర్థం కాని చోట్లు రెండు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న రాయండి. "ఎట్లా ఉంది నా వాయింపు?" అన్నది ప్రశ్న కాదు, దానికి జవాబు మర్యాదగానే వస్తుంది. "9వ బార్ నుంచి 12 దాకా పెడల్ మారుస్తుంటే బేస్ (అడుగు స్వరం) తెగిపోతోంది, ఏం చెయ్యాలి?" ఇది ప్రశ్న. దీనికి వాళ్లు మీ పక్కకు వచ్చి, తమ కాలు పెడల్ మీద పెట్టి చూపిస్తారు. మీరు అంతదూరం పోయింది అందుకే.

ఈ వారానికి ఇంటిపని: బార్ నంబర్లు, ఎనిమిది చీటీలు, 12వ బార్ దాకా ఎడమచేతిని పాడుతూ సాధన. పదో భాగంలో పెడల్ ఒక్కటే తీసుకుందాం. ఈ ప్రెల్యూడ్‌లోనే బార్‌బార్‌కూ కాలు ఎప్పుడు లేపాలో చూద్దాం. అంతదాకా పెడల్ ముట్టుకోకుండా వాయించండి.