తుఫాను రాకముందే హామ్ క్లబ్బు చేసి ఉంచాల్సిన పనులు

హామ్ రేడియోలోకి, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే అభిరుచిలోకి, కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది "మేడమ్, ఏ సెట్ కొనమంటారు?" అని. నేను బందరులో, అంటే మచిలీపట్నంలో, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. మిగిలిన టైమంతా మా క్లబ్బుదే. సెట్ తర్వాత కొనొచ్చు, ముందు ఒక గీతల నోట్‌బుక్కు, రెండు పెన్సిళ్లు కొనుక్కోండి అంటాను. పెన్సిళ్లే ఎందుకంటే తడి చేతులతో రాసినా అక్షరం చెదరదు. సెల్ టవర్లు పనిచేయని రోజున మన వల్ల జరిగే మేలంతా ఒక్క పనిలో ఉంది: ఒకరు చెప్పిన మాట పొల్లుపోకుండా రాసుకోవడం, తిరిగి చదివి వినిపించడం, చేరాల్సినవాళ్లకి చేర్చడం. మామూలు రోజుల్లో అలవాటు చేసుకుంటేనే ఆ రోజు అది చేతికొస్తుంది.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. తీగలు తెగి, దారులు మూసుకుపోయి, ఏ ఊరు మిగిలిందో ఏ ఊరు కొట్టుకుపోయిందో బయటికి తెలియడానికే రోజులు పట్టింది. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయిగా అంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకితే అంత పెద్ద నగరంలోనే కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు చీకట్లో ఉండిపోయాయి. టవర్ కూలకపోయినా, దాని బ్యాకప్ అయిపోతే అది ఉత్త ఇనుపస్తంభమే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేసరికి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతున్నారు. వెళ్లింది ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. కానీ సెట్టూ, యాంటెన్నా, అలవాటూ మూడూ సిద్ధంగా ఉండబట్టి ఆ క్షణం నుంచే సహాయ సమాచారం చేరవేయగలిగారు. మన క్లబ్బులూ ఆ స్థితిలో ఉండాలనే నా పట్టుదల.

లైసెన్సు గురించి క్లుప్తంగా చెబుతాను. 12 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ (చుక్కలూ గీతల సంకేతాలు) అక్కర్లేదు, రేడియోలో వాళ్ల పేరులా వాడే కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. జనరల్ వాళ్లది వీయూ2. దరఖాస్తు కేంద్రప్రభుత్వపు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. మొత్తం తతంగానికి నెలలు పడుతుంది, కాబట్టి వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి. లైసెన్సు చేతికి రాకుండా ట్రాన్స్‌మిట్ చేయొద్దు. ఈ విషయంలో మా క్లబ్బులో ఎవరికీ మినహాయింపు లేదు.

వారానికోసారి నెట్

క్లబ్బు చేసే పనుల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఇది. నెట్ అంటే ఇంటర్నెట్ కాదు, అందరం ఒకే సమయానికి రేడియోలో కలవడం. మేం ఆదివారం రాత్రి 8 గంటలకి 2 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య ముందే అనుకున్న ఒక ఫ్రీక్వెన్సీలో కలుస్తాం. ఒకరు నెట్ కంట్రోల్. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో వాళ్లే చెబుతారు. ప్రతివారం ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చోవాలి. ఎప్పుడూ నేనే నడిపితే, నా ఇల్లు నీళ్లలో మునిగిన రోజున నెట్ కూడా మునుగుతుంది.

రిపీటర్ (టవర్ మీద ఉండి మన సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే సెట్) ఉన్న ఊళ్లవాళ్లకి ఒక మాట. నెలకి రెండు వారాలైనా రిపీటర్ వాడకుండా సింప్లెక్స్‌లో, సెట్ నుంచి సెట్‌కి నేరుగా మాట్లాడండి. రిపీటర్ ఉన్న టవర్ పడితే మిగిలేది అదే. ఎవరి ఇంటి నుంచి ఎవరికి అందుతోంది, ఎవరికి అందట్లేదు అన్నది ఒక కాగితం మీద పట్టికగా రాసుకోండి. మా పట్టిక చూస్తే దివిసీమ చివరి ఊళ్లకి బందరు నుంచి నేరుగా అందదని, అవనిగడ్డలో ఒకరు మధ్యలో ఉండి రిలే చేయాలని తెలిసిపోతుంది. తుఫాను రోజున వెతుక్కునే పని ఉండదు.

పలకరింపులు అయ్యాక ప్రతి నెట్‌లో ఒక సందేశం కచ్చితంగా పంపించుకుంటాం. మొదటి మాట, చివరి మాట "ఇది డ్రిల్" అనే ఉండాలి. ఎందుకంటే బ్యాండ్ ఎవరైనా వినొచ్చు, మధ్యలో విన్నవాళ్లు కంగారు పడకూడదు. అది ఇలా ఉంటుంది:

"ఇది డ్రిల్. సందేశం నంబర్ నాలుగు. ప్రయారిటీ. సమయం రాత్రి తొమ్మిదీ నలభై. నాగాయలంక షెల్టర్ ఇన్‌ఛార్జి నుంచి మచిలీపట్నం కంట్రోల్ రూమ్‌కి. షెల్టర్‌లో జనం నూట అరవై, ఒకటి ఆరు సున్నా. నెలలు నిండిన గర్భిణి ఒకరు. తాగునీళ్లు రేపు ఉదయం వరకే. చూసింది. సందేశం పూర్తి. ఇది డ్రిల్. ఓవర్."

ఇందులో మూడు సంగతులు గమనించండి. మొదటిది అంకెలు. బరబరమనే శబ్దంలో అరవైకీ ఇరవైకీ, డెబ్భైకీ తొంభైకీ తేడా వినపడదు. నూట అరవై మందికి పంపాల్సిన నీళ్లు నూట ఇరవై మందికి వెళితే నలభై మంది దాహంతో ఉంటారు. అందుకే సంఖ్య చెప్పి, వెంటనే విడివిడి అంకెలు చెప్పాలి. రెండోది చివర్లో వచ్చే "చూసింది". ప్రతి సందేశానికీ చూసిందా, విన్నదా అన్నది తగిలించాలని మా నియమం. తుఫాను రాత్రి "కరకట్ట తెగిందట" అనే మాట ఒక్కటి చాలు, ఊరంతా రోడ్డెక్కడానికి. విన్నదాన్ని విన్నదిగానే పంపితే అవతల ఆఫీసరు మనిషిని పంపి చూడమంటారు. మూడోది ఊరి పేరు. కొత్తపాలెం, కొత్తపేట, పల్లెపాలెం ప్రతి మండలంలోనూ ఉంటాయి. మండలం పేరు చెప్పకుండా చిన్న ఊరి పేరు చెప్పొద్దు.

రాసుకున్నవాళ్లు మొత్తం తిరిగి చదువుతారు. పంపినవాళ్లు "కరెక్ట్" అన్నాకే అది చేరినట్టు. మా స్టూడెంట్ ఒకమ్మాయి మొదట్లో "రోజర్ మేడమ్, రోజర్" అని ఊరుకునేది. "ఏం రాసుకున్నావో చదువమ్మా" అంటే ఆగిపోయేది. ఇప్పుడు మా అందరిలో వేగంగా, తప్పులేకుండా రాసుకునేది ఆ అమ్మాయే.

ఫాక్స్ హంట్ కూడా పెట్టుకోండి. దాచిన చిన్న ట్రాన్స్‌మిటర్‌ని దిశ పట్టుకుని వెతికే ఆట అది. పిల్లలకి సరదా. ఎవరి సెట్ బటనో నొక్కుకుపోయి నెట్ మొత్తం మూగబోతే ఆ సెట్ ఎక్కడుందో పట్టుకునే విద్య కూడా అదే. స్కౌట్లు హామ్ రేడియోలో మాట్లాడుకునే జోటా అక్టోబర్ మూడో వారాంతంలో వస్తుంది, అంటే సరిగ్గా మన తుఫానుల కాలంలో. ఆ పిల్లలకి డ్రిల్ నేర్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

యాంటెన్నా మన చేత్తోనే

చేతిలో పట్టుకునే 5 వాట్ల హ్యాండీలు రెండు, ఇళ్లూ చెట్ల మధ్య, రెండు మూడు కిలోమీటర్లు మాట్లాడుకుంటే గొప్ప. వాట్లు పెంచడం కన్నా ఎత్తు పెంచడం మేలు. లెక్క సులువు: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే అది కిలోమీటర్లలో సిగ్నల్ నేరుగా అందే దూరం. 10 మీటర్ల ఎత్తుకి 13 కిలోమీటర్లు. అవతల కూడా అంతే ఎత్తు ఉంటే రెండూ కలిపి 26. కృష్ణా డెల్టాలాంటి బల్లపరుపు నేల మీద ఈ లెక్క బాగానే పనిచేస్తుంది.

మా క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాళ్ల చేతా ఒక గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా చేయిస్తాం. కావాల్సింది నాలుగు మూలల్లో రంధ్రాలున్న ఎస్‌ఓ-239 సాకెట్ ఒకటి, గట్టి రాగి తీగ మూడు మీటర్లు, నాలుగు చిన్న బోల్టులు. తీగలో ముందు 50 సెంటీమీటర్ల ముక్క కోసి సాకెట్ మధ్య పిన్నుకి నిటారుగా సోల్డర్ చేయండి. 52 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోసి మూలల్లో బోల్టులతో బిగించి, 45 డిగ్రీల కోణంలో కిందికి వంచండి. నేలకి సమాంతరంగా వదిలేస్తే కేబుల్‌తో సరిగా కుదరదు. కిందికి వంచితే కేబుల్‌కి కావాల్సిన 50 ఓమ్‌లకి దగ్గరగా వస్తుంది. తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా కేబుల్‌తో ఎంత బాగా కుదిరిందో చూపేది) పెట్టి, మధ్య తీగని రెండేసి మిల్లీమీటర్లు కత్తిరిస్తూ 1.5 కన్నా తక్కువకి తీసుకురండి. ఒకేసారి ఎక్కువ కోయొద్దు, కోసిన తీగ మళ్లీ అతకదు.

కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్‌లో దాదాపు సగం పవర్ దారిలోనే పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే పావు వంతే. సముద్రపు గాలికి మా దగ్గర కనెక్టర్లు ఏడాదిలోనే పచ్చబడతాయి. ప్రతి కనెక్టర్‌కీ దానికదే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట కిందికి ఒక వంపు ఇస్తే వాననీళ్లు అక్కడే కారిపోతాయి. యాంటెన్నా నిలబెట్టే గొట్టం ఇద్దరు మనుషులు దింపగలిగేలా ఉండాలి. ఇది ఎందుకో కింద చెబుతాను.

జిల్లా దాటి విజయవాడకో హైదరాబాద్‌కో మాట్లాడాలంటే హెచ్‌ఎఫ్, అంటే షార్ట్‌వేవ్ బ్యాండ్లు, కావాలి. 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా చాచే తీగ యాంటెన్నా) ఒక్కో చెయ్యి 10 మీటర్లు. దాన్ని ఎత్తుగా కట్టక్కర్లేదు. నాలుగైదు మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ నిటారుగా పైకి వెళ్లి మళ్లీ మన చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. రెండు కొబ్బరి మొక్కల మధ్య కట్టుకున్నా చాలు. పగలు 40 మీటర్లు, రాత్రి అది మందగిస్తే 80 మీటర్లు. మన ప్రాంతపు హామ్‌లు అత్యవసర సమయాల్లో ముందుగా చూసే అంతర్జాతీయ ఫ్రీక్వెన్సీలు 7.110, 14.300 మెగాహెర్ట్జ్. వీటిని గోడ మీద రాసిపెట్టుకోండి.

కరెంటు లెక్క

25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్ (2 మీటర్ల బ్యాండ్‌ది) మాట్లాడేటప్పుడు సుమారు 6 యాంపియర్లు, వినేటప్పుడు అర యాంపియర్ తీసుకుంటుంది. గంటలో పది నిమిషాలు మాట్లాడి మిగతాది వింటే గంటకి 1.4 యాంపియర్ అవర్, రోజుకి 34. మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 యాంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో సగం వరకే వాడుకుంటే రెండు రోజులు వస్తుంది. ఫ్యాన్లు, లైట్లు దాని మీద పెట్టకపోతేనే సుమా. సెట్‌ని ఇన్వర్టర్ ద్వారా కాకుండా బ్యాటరీకి నేరుగా కలపండి. ప్లస్ తీగలో బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. హెచ్‌ఎఫ్ వినేటప్పుడు ఇన్వర్టర్ ఆపేయండి, దాని గోలలో బలహీనమైన సిగ్నల్ వినపడదు. క్లబ్బంతా ఒకే రకం పవర్ కనెక్టర్ వాడాలి. ఒకరి బ్యాటరీ ఇంకొకరి సెట్‌కి తగలకపోతే అన్నీ ఉండీ లేనట్టే.

కలెక్టరేట్‌తో ముందే మాట్లాడుకోవాలి

విపత్తుల సమయంలో మూడోవాళ్ల సందేశాలు పంపడానికి మన నిబంధనలు వీలిస్తాయి. కానీ అవి కలెక్టరులాంటి ప్రభుత్వాధికారి లేదా వాళ్లు అధికారం ఇచ్చిన ఆఫీసరు పంపినవీ, వాళ్లకి చేరాల్సినవీ అయి ఉండాలి. కాబట్టి సెప్టెంబర్‌లోనే కలెక్టరేట్‌లో విపత్తుల విభాగం చూసేవారిని కలిసి ఒక పేజీ కాగితం ఇవ్వండి. మన దగ్గర ఎంతమంది ఉన్నారు, ఏ మండలంలో ఎవరు, ఎన్ని గంటలు కూర్చోగలం, ఏం చేయలేం. ఆ చివరిది దాచొద్దు. కంట్రోల్ రూమ్‌లో ఒక బల్ల, పైకప్పు మీద యాంటెన్నాకి అనుమతి, రోడ్లు మూసినప్పుడు వెళ్లడానికి ఒక లెటరు అడగండి. ఆఫీసర్లు బదిలీ అవుతుంటారు, అందుకే ప్రతి ఏడాదీ వెళ్లాలి. మత్స్యకారుల పడవల్లో ఉండే మెరైన్ చానల్ 16 మనది కాదు. అందులో మనం మాట్లాడకూడదని క్లబ్బులో అందరికీ తెలిసుండాలి.

ఆ రోజున

గాలి పెరగకముందే యాంటెన్నా గొట్టం దింపి కేబుల్ సెట్ నుంచి ఊడదీయండి. ఇద్దరు దింపగలిగేలా కట్టమన్నది ఇందుకే. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు హ్యాండీతో దగ్గరివాళ్లని వింటే చాలు. ఒక్కసారిగా గాలి నిలిచిపోయి, ఆకాశం తేటపడితే మేడెక్కొద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అదే బలంతో కొడుతుంది. తుఫాను దాటిందని వాతావరణశాఖ చెప్పాకే యాంటెన్నా లేపండి.

చనిపోయినవాళ్ల పేర్లు రేడియోలో చదవొద్దు. మన ట్రాన్స్‌మిషన్‌కి గోప్యత ఉండదు. ఆ కబురు ఆ ఇంటివాళ్లకి రేడియోలో కాకుండా మనిషి వెళ్లి చెప్పాలి. నెట్ కంట్రోల్‌లో ఎవరూ నాలుగు గంటలకి మించి కూర్చోవద్దు. మారేటప్పుడు లాగ్‌బుక్కులో ఇంకా జవాబు రాని సందేశాల కింద గీత గీసి అప్పగించండి.

అంతా సద్దుమణిగాక లాగ్ కాపీ ఒకటి కలెక్టరేట్‌కి ఇచ్చి రశీదు తీసుకోండి. అదే వారం బ్యాటరీలు పూర్తిగా ఛార్జ్ చేయండి, తడిసిన కనెక్టర్లు విప్పి ఆరబెట్టండి. వచ్చే ఆదివారం 8 గంటలకి మామూలుగానే నెట్ పెట్టండి. మా దగ్గర ఒక తుఫాను వెనకే ఇంకోటి వచ్చిన సంవత్సరాలు ఉన్నాయి.