అమెరికాలో మొదటి సెమిస్టర్: విమానం ఎక్కే ముందే తెలియాల్సిన జాగ్రత్తలు

వీసా స్టాంప్ పడితే గండం గడిచినట్టే అనుకుంటారు చాలామంది. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్లే విద్యార్థికి అసలు జాగ్రత్త అవసరమయ్యేది దిగిన తర్వాతే. ఒక సబ్జెక్టులో మార్కులు తగ్గితే వచ్చే సెమిస్టర్‌లో చూసుకోవచ్చు. స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. అందుకే ముందు దాని గురించే చెప్తాను.

యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారంలో ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ ఉంటుంది. దానికి 30 రోజుల ముందు నుంచే రానిస్తారు. టికెట్ చవగ్గా దొరికిందని అంతకన్నా ముందు బుక్ చేయొద్దు. పాస్‌పోర్టు, ఐ-20, సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, బ్యాంకు కాగితాలు మీతో ఉండే బ్యాగులోనే పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసు ఇమిగ్రేషన్ దాటాకే చేతికొస్తుంది, ఆఫీసర్ కాగితాలు అడిగేది అంతకుముందే. దిగాక ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి పేరు, పుట్టిన తేదీ, ఎఫ్-1 అన్నవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లి రిపోర్ట్ చేయాలి. మొదట్లో తెలిసినవాళ్ల దగ్గర దిగి, తర్వాత రూముకు మారేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది: ఇల్లు మారిన 10 రోజుల్లోపు కొత్త అడ్రస్ ఆ ఆఫీసుకు చెప్పాలి.

ఒక కోర్సు కష్టంగా ఉందని ఎవరినీ అడక్కుండా డ్రాప్ కొట్టేయొద్దు. ఫుల్‌టైమ్‌కు కావాల్సిన క్రెడిట్లు తగ్గితే స్టేటస్‌కే ముప్పు. డ్రాప్ చేయకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి, చేసేశాక కాదు.

ఇక ఉద్యోగం. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. బయట చేయాలంటే ముందుగా అనుమతి ఉండాలి. "అందరూ చేస్తున్నారు, క్యాష్ ఇస్తారు, ఎవరికీ తెలీదు" అని చెప్పే అన్నయ్యలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ పట్టుబడితే పోయేది మీ స్టేటస్, వాళ్లది కాదు. రాత్రిపూట ఒంటరిగా కౌంటర్‌లో నిలబడే పని ప్రాణానికే ప్రమాదం. పైగా అక్కడ జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా, అనుమతి లేని పని కదా అన్న భయంతో చాలామంది నోరు విప్పరు. ఖర్చులకు బయటి పని మీదే ఆధారపడే లెక్క వేసుకుని మాత్రం బయల్దేరకండి.

2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం ఇంకా చాలా ఇళ్లలో గుర్తుండే ఉంటుంది. క్లాసులే లేని ఆ యూనివర్సిటీని నడిపింది హోంల్యాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే. అందులో చేరి అరెస్టయినవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. క్లాసుకు రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరైనా చెప్తే, ఎంత దగ్గరవాళ్లయినా సరే, ఆ మాట అక్కడితో వదిలేయండి. రూల్స్ విషయంలో వాట్సాప్ గ్రూపులో వచ్చిన సమాధానంతో సరిపెట్టుకోకండి. డీఎస్‌వోకు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి.

ఇన్సూరెన్స్ కార్డు ఉంటే చాలదు. ఏ ఆసుపత్రి మీ నెట్‌వర్క్‌లో ఉందో, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యే ముందు మీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఎంతో ఆరోగ్యం బాగున్నప్పుడే చదివి పెట్టుకోండి. జ్వరం, చిన్న గాయం లాంటివాటికి క్యాంపస్ హెల్త్ సెంటర్ లేదా అర్జెంట్ కేర్ సరిపోతుంది. వాటికి ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు బాగా ఎక్కువ వస్తుంది. ప్రాణం మీదకొస్తే మాత్రం బిల్లు గురించి ఆలోచించకుండా 911కు ఫోన్ చేయండి.

చూడని ఇంటికి డిపాజిట్ పంపొద్దు. లీజు మీద నలుగురూ కలిసి సంతకం పెడితే, సాధారణంగా ఒకరు మధ్యలో వెళ్లిపోయినా వాళ్ల వాటా మిగిలినవాళ్లే కట్టాల్సి వస్తుంది. చేరిన రోజే కార్పెట్ మీద మరకలు, గోడకున్న పగుళ్లు, విరిగిన బ్లైండ్స్ ఫొటోలు తీసి ఇంటి యజమానికి మెయిల్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోసం వాదించడానికి ఆ మెయిలే సాక్ష్యం.

పోలీసు కారు ఆపితే పక్కకు తీసి, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచి కూర్చోండి. దిగి మాట్లాడదామని డోర్ తీయొద్దు. కాగితాలు అడిగితే, అవి ఎక్కడున్నాయో చెప్పి అప్పుడు చెయ్యి చాపండి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ దిగులు కలిగించేది, ఇంట్లో టెన్షన్ పడతారని ఏమీ చెప్పకుండా లోపలే కుమిలిపోయే పిల్లల గురించే. అప్పు, మార్కులు, ఉద్యోగం దొరక్కపోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. యూనివర్సిటీ కౌన్సిలర్ దగ్గరకు వెళ్లడం తప్పేం కాదు. మనసు బాగోలేనప్పుడు, చనిపోవాలనిపించినప్పుడు సాయం చేసే 988 హెల్ప్‌లైన్‌కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. తల్లిదండ్రులకు నాదొక మాట: రోజూ ఫోన్‌లో జాబ్ గురించే అడక్కండి. పక్కన ఉండే ఇద్దరు స్నేహితుల నంబర్లు తీసుకుని పెట్టుకోండి, మీ నంబరూ వాళ్లకు ఇవ్వండి.