కౌన్సెలింగ్‌కి ముందు కాలేజీలు కళ్ళారా చూడాలంటే: గోదావరి డెల్టాలో రెండు రోజుల కారు ప్రయాణం

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు రాగానే చాలా ఇళ్ళల్లో జరిగేది ఒకటే. బంధువుల్లో ఒకరు ఫలానా కాలేజీ బాగుంటుందంటారు, పక్కింటాయన అక్కడ చదువే లేదంటారు, చివరికి ఇంటర్నెట్ సెంటర్‌లో కూచుని ఎవరో చెప్పిన వరసలో కాలేజీ కోడ్లు కొట్టించేస్తారు. డెల్టాలో ఇంజనీరింగ్ కాలేజీలు ఒకదానికొకటి మరీ దూరంలో లేవు. కాకినాడ, సూరంపాలెం, రాజానగరం, తాడేపల్లిగూడెం, భీమవరం, నరసాపురం, అన్నీ రెండు రోజుల కారు ప్రయాణంలో అందే ఊళ్ళే. నాలుగేళ్ళు పిల్లలు బతకబోయే చోటు కోసం రెండు రోజులు పెట్టడం ఎక్కువేమీ కాదు.

ఎప్పుడు వెళ్ళాలి

ఇటీవలి ఏళ్ళలో పరీక్ష మేలో, ఫలితాలు జూన్‌లో, సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ జులై ప్రాంతంలో జరుగుతున్నాయి. నోటిఫికేషన్ వచ్చాక బయల్దేరితే ఆలస్యమైనట్టే. అప్పటికి సర్టిఫికెట్ల పరిశీలన, ఫీజు కట్టడం, ఆప్షన్లు పెట్టడం ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ర్యాంకు వచ్చిన వారంలోనే వెళ్ళండి. ఇంకా మంచిది, పిల్లలు ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగానే ఒకసారి చూసి రావడం. అప్పుడు ర్యాంకు ఒత్తిడి ఉండదు, కాలేజీలో క్లాసులు నడుస్తూ ఉంటాయి.

క్లాసులు నడిచే రోజు వెళ్ళడం అన్నిటికంటే ముఖ్యం. సెలవుల్లో వెళితే మీకు కనిపించేవి ఆర్చి, తోట, అడ్మిషన్ కౌంటర్, అంతే. కాలేజీ ఆఫీసుకి ముందు రోజు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: రేపు రెండో, మూడో సంవత్సరం వాళ్ళకి క్లాసులు ఉన్నాయా? ల్యాబులు, హాస్టల్ చూపిస్తారా? సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయంటే రోజు మార్చుకోండి. ఆదివారం, రెండో శనివారం అసలు పెట్టుకోవద్దు.

జులై, ఆగస్టు అంటే గోదావరికి వరదల కాలం కూడా. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు, అంటే 10 లక్షల క్యూసెక్కుల దగ్గర మొదటి హెచ్చరిక ఇస్తారు. రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి. 2022 జులైలో వరద 25 లక్షలు దాటింది. పెద్ద వంతెనల మీద రాకపోకలు మామూలుగా సాగుతూనే ఉన్నా, సఖినేటిపల్లి - నరసాపురం పంటు (బండ్లని, మనుషుల్ని నది దాటించే పడవ) ఆపేస్తారు, కనకాయలంక, ఎదురుబిడియం లాంటి కాజ్‌వేలు మునుగుతాయి. భద్రాచలంలో మట్టం పెరుగుతోందని వార్త వచ్చిందంటే ఆ నీళ్ళు మన దగ్గరికి రావడానికి ఎంతో సమయం పట్టదు. అలాంటప్పుడు కోనసీమ లంకల దారులు వదిలేసి హైవేల మీదే ప్లాన్ వేసుకోండి.

ఏ కాలేజీలు చూడాలి

రోజుకి రెండు కాలేజీలు. మూడోది పెట్టుకుంటే అక్కడ కారు దిగాలని ఎవరికీ ఉండదు. రెండు రోజులకి నాలుగే కాబట్టి జాబితా ముందే కుదించుకోవాలి.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కిందటి ఏడాది చివరి ర్యాంకుల వివరాలు ఉంటాయి. కాలేజీ, బ్రాంచి, రిజర్వేషన్ కేటగిరీ, అబ్బాయి/అమ్మాయి వారీగా చూడాలి. చాలామంది ఓసీ కాలమ్ ఒక్కటే చూసి బెంగపడతారు, లేదా వేరే బ్రాంచి ర్యాంకు చూసి ధీమాగా ఉంటారు. మీ పిల్ల ర్యాంకుకి కచ్చితంగా వచ్చేవి రెండు, అటూ ఇటూగా ఉన్నవి రెండు తీసుకోండి. ఎట్టి పరిస్థితుల్లోనూ అందని కాలేజీ చూడ్డానికి ఒక పూట ఖర్చు చేస్తే, ఆ తర్వాత చూసినవన్నీ పిల్లలకి చిన్నగానే కనిపిస్తాయి.

తాడేపల్లిగూడెం ఎన్ఐటీ ఈ జాబితాలోకి రాదు. 2015లో మొదలైన ఆ సంస్థలో సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో, జాతీయ స్థాయిలో జరిగే జోసా కౌన్సెలింగ్ ద్వారా ఇస్తారు, సగం సీట్లు రాష్ట్రం వాళ్ళకి ఉంటాయి. జేఈఈ ర్యాంకు ఉన్నవాళ్ళు దాన్ని కలుపుకోవచ్చు. గేటు దగ్గర అడగవచ్చు కాబట్టి ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో కూచునే తేల్చుకోగలిగినవి దారిలో తేల్చుకోవద్దు. సాంకేతిక విద్యకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే అనుమతి పత్రంలో బ్రాంచికి ఎన్ని సీట్లో ఉంటుంది. న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యతని పరిశీలించే సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచికి విడిగా. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా మీరు అనుకుంటున్న బ్రాంచికి అది ఉందా, గడువు ఎప్పటిదాకా అని చూసుకోండి. ఈ మధ్య పెట్టిన కొత్త బ్రాంచిలకి తరచూ ఉండదు.

దారి: పాయలు చూసి గీసుకోండి

డెల్టాలో కిలోమీటర్ల కంటే వంతెనలు ముఖ్యం. మ్యాప్‌లో అవతలి ఒడ్డున పది కిలోమీటర్లలో కనిపించే ఊరికి, వంతెన లేకపోతే యాభై తిరగాలి. గోదావరి పాయల్లో గౌతమి దాటడానికి ఎదుర్లంక - యానాం, జొన్నాడ - రావులపాలెం; వైనతేయకి బోడసకుర్రు - పాశర్లపూడి; వశిష్ఠకి సిద్ధాంతం, దిండి - చించినాడ. పాయలుగా చీలక ముందున్న అఖండ గోదావరి మీద రాజమండ్రి - కొవ్వూరు. వీటికి అప్పుడప్పుడూ మరమ్మతులు పెట్టి బండ్లు మళ్ళిస్తుంటారు. ముందు రోజు సాయంత్రం ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి, గూగుల్ మ్యాప్‌కి ఇది కొన్నిసార్లు ఆలస్యంగా తెలుస్తుంది.

అమలాపురం నుంచి బయల్దేరే కుటుంబానికి ఒక ప్లాన్ ఇదీ. ఉదయం 6:30కి బయల్దేరి 216 హైవే మీద ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా కాకినాడ, సుమారు 65 కిలోమీటర్లు, రెండు గంటలు. టిఫిన్ కాకినాడలోనే. 9:30 నుంచి 12 దాకా జేఎన్‌టీయూ. భోజనం చేసి సామర్లకోట, పెద్దాపురం దాటి ఏడీబీ రోడ్డు మీద సూరంపాలెం, 2 నుంచి 4:30 దాకా అక్కడ. కాలేజీ వదిలే వేళకి అక్కడే ఉండటం ఈ ప్లాన్‌లో కావాలని పెట్టినదే, ఎందుకో కింద ఉంది. తర్వాత రాజానగరం మీదుగా రాజమండ్రి చేరి రాత్రికి బస.

రెండో రోజు పొద్దున్నే తాడేపల్లిగూడెం, 9:30కి మొదటి కాలేజీ. అక్కణ్ణుంచి భీమవరం సుమారు 35 కిలోమీటర్లు. భోజనం తర్వాత భీమవరంలో రెండో కాలేజీ. సాయంత్రం పాలకొల్లు, చించినాడ, రాజోలు మీదుగా ఇల్లు. భీమవరం నుంచి 4:30కల్లా కదలండి. చీకటి పడ్డాక కాలవగట్టు రోడ్లు ప్రమాదం: చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, ఎదురుగా చేపల లోడు లారీ వస్తే పక్కకి తప్పుకునే చోటూ ఉండదు. కాకినాడ - రాజమండ్రి కెనాల్ రోడ్డు మ్యాప్‌లో దగ్గరగా కనిపించినా ఇదే చిక్కు. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు, మళ్ళీ సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి కాబట్టి చీకట్లో టైరు వాటి మీదకే వెళ్తుంది.

మొత్తం తిరుగుడు 300 కిలోమీటర్ల లోపే. ఏసీ వేసుకుని లీటరుకి 15 వచ్చే కారుకి 20 లీటర్లు లెక్క పెట్టుకోండి. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి, రావులపాలెం వైపు వెళితే ఈతకోట దగ్గర టోల్ ఉంది. స్టెప్నీలో గాలి, మనిషికి లీటరున్నర నీళ్ళు, గొడుగులు, ఒక జత అదనపు చెప్పులు. కాలవగట్టు మలుపుల్లో వాంతులయ్యేవాళ్ళుంటే ప్లాస్టిక్ కవర్లు. చిన్నపిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి రండి, వాళ్ళకి ఇందులో ఏమీ లేదు, వాళ్ళ గోల మధ్య పెద్దవాళ్ళకి ఏదీ తలకెక్కదు. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. మధ్యాహ్నం కూడా తేలిగ్గా తినండి. నెయ్యి పప్పన్నం తిని రెండింటికి క్యాంపస్‌లో నడిచే ఓపిక ఎవరికీ ఉండదు.

కాలేజీ లోపల

అడ్మిషన్ ఆఫీసులో 20 నిమిషాలు చాలు. ప్లేస్‌మెంట్ల బ్రోచర్ ఇస్తారు. అందులో అత్యధిక ప్యాకేజీ పెద్దక్షరాల్లో ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి అడగండి: ఈ బ్రాంచిలో కిందటేడు ఎంతమంది పాసయ్యారు, వాళ్ళలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు, జీతాలు వరసగా పెడితే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతం ఎంత. ఆఫర్ల సంఖ్య వేరు, ఉద్యోగాలొచ్చిన పిల్లల సంఖ్య వేరు. ఒక్కరికే మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేస్తారు.

తర్వాత మీ బ్రాంచి డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళండి. నోటీసుబోర్డు మీద టైమ్‌టేబుల్ చూడండి, సబ్జెక్టుల ఎదురుగా లెక్చరర్ల పేర్లున్నాయా, ఒకే పేరు నాలుగైదు చోట్ల ఉందా. 20 మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు అన్నది ఏఐసీటీఈ నిబంధన. ల్యాబ్‌లో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. ఎలక్ట్రికల్, మెకానికల్ ల్యాబుల్లో మెషిన్ల మీద దుమ్ము చూడండి. వాడే మెషిన్ పక్కన నూనె గుడ్డ, సుద్దముక్క గీతలు, రికార్డు పుస్తకాలు ఉంటాయి. లైబ్రరీలో మధ్యాహ్నం పూట ఎవరైనా కూచున్నారా?

హాస్టల్ చూపించమంటే మోడల్ రూమ్ చూపిస్తారు. బాత్రూముల వైపు తీసుకెళ్ళమని మర్యాదగా అడగండి. ఒక అంతస్తులో పిల్లలు ఎంతమంది, బాత్రూములెన్ని, పొద్దున్న నీళ్ళు ఎన్నింటిదాకా వస్తాయి. భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల వల్ల బోరు నీళ్ళు ఉప్పన, అందుకని తాగడానికే కాదు, వంటకి ఏ నీళ్ళు వాడుతున్నారో కూడా తెలుసుకోవాలి. వీలైతే మెస్సులో టోకెన్ కొనుక్కుని అందరూ అక్కడే తినండి. అమ్మాయిల హాస్టల్ లోపలికి తండ్రుల్ని రానివ్వరు, కాబట్టి తల్లి తప్పనిసరిగా వెళ్ళాలి.

ఇంటి నుంచి వెళ్ళి వచ్చే ఆలోచన ఉంటే బస్సు సంగతి తేల్చుకోవాలి. మీ ఊరికి కాలేజీ బస్సు వస్తుందంటారు. మీ స్టాపులో ఎన్నింటికి ఎక్కాలి, ఎన్నింటికి దింపుతుంది అని అడగండి. వైపుకి గంటన్నర దాటితే హాస్టలే నయం.

ఇక అసలు సమాచారం సాయంత్రం నాలుగున్నరకి బస్సుల దగ్గర దొరుకుతుంది. పెద్దవాళ్ళు కారు దగ్గరే ఆగిపోయి పిల్లల్నే పంపండి. తండ్రి వచ్చి అడిగితే సీనియర్లు "బాగానే ఉంటుందండీ" అని ఊరుకుంటారు. సాటి వయసువాళ్ళు "అన్నా, ఈ సెమిస్టర్‌లో మ్యాథ్స్‌కి ఎంతమంది సార్లు మారారు?", "అక్కా, ల్యాబ్ ఎక్స్‌పరిమెంట్లు మీరే చేస్తారా, రికార్డు చూసి రాసేస్తారా?" అంటే నిజం చెబుతారు. కనీసం ముగ్గురిని, వేర్వేరు సంవత్సరాల వాళ్ళని అడగాలి.

డబ్బు, కాగితాలు

ర్యాంకు కార్డు, ఇంటర్ మార్కుల జాబితా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు జిరాక్సులే పట్టుకెళ్ళండి. ఒరిజినల్స్ ఇంట్లో ఉండాలి. "సీటు బుక్ చేసి పెడతాం, సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్ళండి" అనే మాటకి ఏ పరిస్థితిలోనూ తల ఊపవద్దు. కన్వీనర్ కోటా సీటు (ర్యాంకుని బట్టి ఇచ్చేది) కౌన్సెలింగ్‌లోనే వస్తుంది, ఎవరూ బుక్ చేయలేరు. ఒరిజినల్స్ ఒక చోట ఇరుక్కుంటే పిల్లలకి వచ్చిన మంచి సీటు చేజారుతుంది.

ఫీజు అడిగినప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే చెబుతారు. పరీక్ష ఫీజు, ట్రైనింగ్ ఫీజు, హాస్టల్, మెస్సు, బస్సు, యూనిఫాం, డిపాజిట్ అన్నీ విడివిడిగా అడిగి, నాలుగేళ్ళకి కూడి రాసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్ళు, ప్రభుత్వ డబ్బు ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపుతారా అని సీనియర్లని అడగాలి.

కారులోనే రాసుకోండి

ఒక్కో కాలేజీ గేటు దాటగానే, మాటలు మొదలుకాక ముందే, పిల్లలు తమ నోట్‌బుక్‌లో ల్యాబులు, అధ్యాపకులు, హాస్టల్, ప్రయాణం, ఖర్చు, ఒక్కోదానికి పదికి మార్కులు వేయాలి. తల్లిదండ్రులు విడిగా వేయండి. పెద్దవాళ్ళు ముందు నోరు విప్పితే పిల్లలు ఆ మాటనే తిరిగి చెబుతారు. రాత్రి బసలో రెండూ పక్కపక్కన పెట్టి, మూడు మార్కులకి మించి తేడా వచ్చిన చోట మాత్రమే మాట్లాడుకోండి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ నోట్‌బుక్కే వరస. వచ్చే అవకాశం ఉన్నది పైన పెట్టాలన్న అపోహ చాలామందికి ఉంది. కంప్యూటర్ పై నుంచి కిందికి చూస్తూ మీ ర్యాంకుకి మొదట ఖాళీ దొరికిన చోట సీటు ఇస్తుంది. ఎక్కువ ఇష్టమైనది పైన పెట్టినంత మాత్రాన కిందిది పోదు. కానీ తక్కువ ఇష్టమైనది పైన పెడితే అదే వస్తుంది, దాని కింద రాసినవాటిని అసలు చూడదు.