చాండ్లర్‌కు వస్తున్న తమ్ముడికి: ముందు నుదుటి బొట్టు సంగతి

పోయిన వారం హనుమకొండ నుంచి వచ్చిన కుర్రాడిని ఇక్కడ అమెరికాలో, అరిజోనా చాండ్లర్‌లోని మా చిప్పుల ఫ్యాక్టరీలో క్లీన్‌రూమ్ (దుమ్ము చొరబడకుండా కాపాడే గది) గుమ్మం దగ్గరే ఆపేశారు. నుదుట వాళ్ల అమ్మ పంపిన భద్రకాళి గుడి కుంకుమ ఉంది. తెల్లటి గుడ్డతో ఎంత తుడిచినా గులాబీ మరక వస్తూనే ఉంది. వెనక పదిమంది వరుసలో నిలబడ్డారు. వాడి ముఖంలో నాకు నా మొదటి నెలలు కనిపించాయి.

గది, బ్యాంకు ఖాతా, కారు లైసెన్సు గురించి నేను చెప్పను. అవి చెప్పేవాళ్లు నువ్వు వద్దన్నా దొరుకుతారు. ఎండంటావా, 2023లో పక్కనున్న ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. రోహిణి కార్తెలో కాజీపేట ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడ్డవాడికి అదొక లెక్కా?

నా బెంగంతా నీ ఒంటి మీద లోపలికి మోసుకెళ్లేవాటి గురించే. కుంకుమ, విభూతి, పౌడరు, తలనూనె, చేతికి రాగి కడియం. మెటలర్జీ చదివినవాడికి మలినమంటే ఉక్కులో గంధకం, భాస్వరం; శాతాల్లో లెక్క. ఇక్కడ వంద కోట్లలో ఒక వంతు కూడా గొడవే. చెమటలోని సోడియం, సిలికాన్ మీదుండే ఆక్సైడ్ పొరలోకి చేరిందంటే, వోల్టేజీ పెట్టగానే కదులుతుంది. ట్రాన్సిస్టర్, అంటే చిప్పులోని బుల్లి స్విచ్చు, ఎంత వోల్టేజీకి పని మొదలుపెట్టాలో ఆ లెక్కే తప్పుతుంది. 1960వ దశకంలో తొలి మాస్ (MOS, ఆక్సైడ్ పొర మీద ఆధారపడే రకం) ట్రాన్సిస్టర్లను ఏడిపించింది ఇదే. రాగి ఇంకా మొండిది, సిలికాన్‌లో పరుగులు తీస్తుంది. చిప్పులో తీగలు రాగివే అయినా చుట్టూ టాంటలం గోడ కట్టనిదే దాన్ని నమ్మరు. మరి నీ కడియాన్ని నమ్ముతారా?

నా ఘనకార్యం కూడా విను. మొదటి నెలలో జేబులో మామూలు నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకుని వెళ్లాను. లోపలికి వెళ్లాక, బట్టల మీద వేసుకునే క్లీన్‌రూమ్ సూటు జిప్పు దించి మరీ బయటికి తీశాను! కాగితం పీచు రాలుస్తుంది, పెన్సిలు గ్రాఫైటు రాలుస్తుంది, జిప్పు దించితే నీ చొక్కా దుమ్మంతా బయటికే. పీచు రాలని కాగితం, బాల్‌పెన్ను లోపలే ఉంటాయని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే చులకనవుతానని భయం. ఆ భయం నువ్వు పెట్టుకోకు.

ముఖ్యంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దగ్గర. పలుచనిది చర్మం మీద పడితే వెంటనే మండకపోవచ్చు. గంటల తరవాత నొప్పి మొదలయ్యేసరికి అది లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేసి ఉంటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడుందో మొదటి రోజే చూసుకో. పడిందేమోనని అనుమానం వచ్చినా సరే, నీళ్ల కింద చెయ్యి పెట్టి గట్టిగా కేక వెయ్యి.

సరే, ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. యంత్రం నడపడం మూడు నెలల్లో ఎవరైనా నేర్పుతారు. రాగి ఎందుకు పారిపోతుందో, పొర ఎందుకు ఊడిపోతుందో షిఫ్టు మధ్యలో కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పరు. వరంగల్‌లో డిఫ్యూజన్ (ఒక పదార్థంలోకి ఇంకో దాని అణువులు చొరబడటం) క్లాసులో నిద్రపోలేదా, నువ్వు గట్టెక్కినట్టే. మన కుర్రాడు నిన్న పొర లేచిన వేఫరును (చిప్పులు తయారుచేసే సిలికాన్ పళ్లెం) చూసి, అడుగున సరిగ్గా శుభ్రం కాలేదని తానే పట్టుకున్నాడు. బాగానే పట్టాడు. కుంకుమ భరిణె ఇప్పుడు దేవుడి పటం ముందే ఉంటోందట. తలనూనె మాత్రం మానలేనన్నాడు. సెలవు రోజు పొద్దున రాసుకుని సాయంత్రానికి తలంటుకోమన్నాను.